గీతలు పడని బెంచీలు

ఆ ఆదివారం పొద్దున నాచారం షెడ్డులో ఉన్న మనుషులు: యజమాని, ఆయన మేనమామ, ఫోర్‌మన్, రంగుల దగ్గర పనిచేసే అక్క, నేను. ఉన్న వస్తువులు: ఇనుప గొట్టాల కట్టలు, రంధా పట్టి నునుపు చేసిన చెక్క పలకలు, ఆపేసిన వెల్డింగ్ మిషన్లు, కొక్కేలకు వేలాడుతూ ఆరుతున్న బెంచీ చట్రాలు, నేను గీసిన ఒక గ్రాఫు, ఫ్లాస్కు నిండా టీ, ఆరు గ్లాసులు. ఆరో గ్లాసు ఎవరి కోసం తెచ్చారో ఇప్పటికీ తెలియదు.

జాబితాలోకి ఎక్కనివి కూడా కొన్ని ఉన్నాయి. పైకప్పు రేకుల చిల్లుల్లోంచి ఎండ సన్నని కడ్డీల్లా కిందికి దిగుతోంది. ఆ కడ్డీల్లో రంపపు పొట్టు తీరిగ్గా తిరుగుతోంది. దగ్గర్లోని బిస్కెట్ల ఫ్యాక్టరీ నుంచి బిస్కెట్లు కాలుతున్న వాసన. గాలికి చట్రాలు కదిలినప్పుడల్లా కనపడని పిల్లలెవరో వాటి మీద కూర్చుని కాళ్ళాడిస్తున్నట్టు ఉంది.

ఉద్యోగ జ్ఞాపకాలు రాసేవాళ్ళు రిటైరయ్యాక రాస్తారు. నాకింకా నలభై రాలేదు. నేను రిటైర్ కాలేదు గాని, నేను చేసిన ఉద్యోగం రిటైరైంది. స్కూలు బెంచీల ఫ్యాక్టరీలో ప్లానింగ్ అసిస్టెంట్ అనే కుర్చీ ఒకటి ఉండేది. ఇప్పుడు ఆ కుర్చీ లేదు. మీలో ఎవరైనా ప్లానింగ్ పనిలో చేరబోతుంటే ఇది మీకోసం. రేపు ఎంత సరుకు కావాలో ఈరోజే చెప్పడం మన పని. సాఫ్ట్‌వేర్లు మారతాయి గాని, పొరపాటు పడే తీరు మారదు.

రెండువేల నాలుగు, ఐదు ప్రాంతం మాట. ఉప్పల్‌లో స్టేడియం ఇంకా కడుతున్నారు. జనగామ వైపు నుంచి వచ్చి, ప్రొడక్షన్ ఇంజినీరింగ్ పూర్తిచేసి, బోడుప్పల్‌లో ఒక గది అద్దెకు తీసుకుని నేను ఆ షెడ్డులో చేరాను. మేం చేసేవి మూడు సైజులు. చిన్న బెంచీ ఒకటి నుంచి మూడో తరగతి వరకు, మధ్య బెంచీ ఏడు వరకు, పెద్ద బెంచీ పదో తరగతి వరకు. ఒక్కో సైజుకు ఒక్కో జిగ్గు ఉండేది. జిగ్గు అంటే గొట్టం ముక్కలు వెల్డింగ్ చేసేటప్పుడు కదలకుండా, వంకర పోకుండా పట్టి ఉంచే ఇనుప చట్రం. బెంచీకి అది తల్లి లాంటిది.

బెంచీకి ముగ్గురని నా డ్రాయింగులో ఉండేది. ఫోర్‌మన్ నల్గొండ జిల్లా మనిషి. జుట్టంతా నెరిసినా మీసం మాత్రం నల్లగా ఉండేది. ఎలా అని అడగకూడదు. అందరికీ ఆయన మామే. చేరిన కొత్తలో నా డ్రాయింగు చూసి నవ్వాడు.

"ముగ్గురేంది సారూ? నువ్వు ముగ్గురికి గీస్తవు, ఆడ ఐదుగురు గూసుంటరు. ఇద్దరు దోస్తులు, ఒకడు దోస్తు తమ్ముడు, ఒకడు జాగ లేనోడు, ఇంకొకడు ఊకెనే. ఇనుము ఐదుగురికి పెట్టాలె."

అప్పటినుంచి బెంచీ ముగ్గురికి గీసి, బరువు ఐదుగురికి వేసేవాణ్ణి.

ఎన్ని బెంచీలు చేయాలో తేల్చడానికి మా యజమానికి ఒక సొంత పద్ధతి ఉంది. ఏటా జనవరిలో ఒక రోజు వ్యాను తీయించేవాడు. ఆయన ముందు సీట్లో, ఫోర్‌మనూ నేనూ వెనక. నాచారం నుంచి ఉప్పల్, అక్కణ్ణుంచి బోడుప్పల్, పీర్జాదిగూడ మీదుగా ఘట్‌కేసర్ దాకా మెల్లగా పోతూ స్కూలు బోర్డులు లెక్కపెట్టాలి. ఎడమ పక్క ఫోర్‌మన్‌ది, కుడి పక్క నాది. పోయినేటి కంటే ఎన్ని పెరిగితే ఆ మేరకు గొట్టాలకు ఆర్డరు పెట్టేవాడు. దీన్ని మేం బోర్డుల పండుగ అనేవాళ్ళం.

ఆ ఏళ్ళలో బోర్డులు వానకు లేచిన గడ్డిలా పెరిగేవి. అద్దె ఇంటి మేడ మీద ఒకటి, టైర్ల కొట్టు పైన ఒకటి, కట్టడం పూర్తికాని అపార్ట్‌మెంటు సెల్లారులో ఒకటి. ప్రతి బోర్డు మీదా టై కట్టుకుని నవ్వే ఇద్దరు పిల్లలు. అన్ని బోర్డుల మీదా ఆ ఇద్దరే.

"మామా, అది లెక్కలోకి రాదు. ట్యూషన్ సెంటర్."

"పిల్లలు గూసుంటరా లేదా?"

"చాప మీద కూర్చుంటారు."

"ఇయ్యాల చాప, రేపు బెంచి. రాసుకో సారూ, సేటు జూస్తుండు."

ముందు సీట్లోంచి యజమాని వెనక్కి తిరక్కుండానే అనేవాడు, "రాయండి, రాయండి. ఆశ ఉన్నచోట అంకె ఉండాలి." ఆయనది ఏలూరు దగ్గర. ముప్పై ఏళ్ళ కింద ఒక్క వెల్డింగ్ మిషన్‌తో వచ్చి పెట్టిన షెడ్డు. ఆయన నమ్మకాన్ని తప్పు పట్టడానికి ఏమీ లేదు. అప్పటిదాకా బోర్డులు ఒక్కసారి కూడా ఆయన్ని మోసం చేయలేదు.

ఆ ఏడు పీర్జాదిగూడలో ఒక స్థలం బేరం కుదిరింది. అక్కడ రెండో షెడ్డు వేసి, కేవలం చిన్న బెంచీలే చేయాలని యజమాని ఆలోచన. డబ్బు మేనమామ పెట్టాలి. ఆయన కోస్తాలో హైస్కూలు హెడ్‌మాస్టరుగా రిటైరై, భార్యతో సహా ఏఎస్ రావు నగర్‌లో చిన్న ఫ్లాటుకు వచ్చేశారు. రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ము మొత్తం బ్యాంకులో ఉంది. డిపాజిట్ గడువు తీరి తిరగరాసిన ప్రతిసారీ వడ్డీ తగ్గుతోంది. షెడ్డులో పెడితే బ్యాంకు కంటే ఎక్కువ ఇస్తానని మేనల్లుడి మాట. పెడితే మొత్తం పెట్టాలి. పోతే ఆ ఇద్దరికీ పెన్షను తప్ప ఇంకేమీ మిగలదు. ఆదివారం వచ్చి షెడ్డు చూసి, నచ్చితే ఆ రోజే సరేనంటానన్నారు. ఆయనకు చూపించడానికి గ్రాఫు గీయమని యజమాని నాకు చెప్పాడు. బోర్డుల లెక్కతో గీశాను. ఎర్ర గీత బాగా పైకి పోయింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది.

ఆ వారంలోనే ఆలేరు అవతలి నుంచి ఒక లారీ వచ్చింది.

మా దగ్గర ఇంకో ఆనవాయితీ ఉండేది. పాత బెంచీలు వెనక్కి తీసుకుని, ఆ విలువ తగ్గించి కొత్తవి ఇచ్చేవాళ్ళం. వచ్చినవాటి పలకలు అక్క దగ్గరికి పోతాయి. ఆమె రంధా పట్టి, పుట్టీ పెట్టి, రంగు వేస్తుంది. రంధా పట్టే ముందు ఆమె పలక మీద గీతలన్నీ చదువుతుంది. కాంపస్ ముల్లుతో చెక్కిన పేర్లు, బాణం దిగిన గుండెలు, సార్ల బొమ్మలు, సిరా మరకలు, క్రికెట్ స్కోర్లు. పెద్దగా చదువుకోలేదు గాని, పిల్లల చేతిరాత చదవడంలో ఆమెకు ఎదురులేదు. నవ్వొచ్చేది కనపడితే పిలిచేది. ఆ రోజు కూడా పిలిచింది గాని, నవ్వడం లేదు.

"సారూ, ఇగో జూడు. పాత బెంచీలని దెచ్చిన్రు. వీటి మీద ఎవ్వలు గూసోలే."

చిన్న బెంచీలు. కాళ్ళకు తుప్పు పట్టింది, రంగు వెలిసింది. పలకలు మాత్రం మేం పంపినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. చేత్తో తడిమాను. ఎక్కడా ఒక గీత లేదు. ఒక్క మూల మాత్రం ఎవరో 'అ' రాయబోయి సగంలో ఆపేశారు.

లారీ డ్రైవర్‌ని అడిగాను. బీడీ ఆర్పి చెప్పాడు. "ఒకటి, రెండు, మూడు తరగతులు ఒక్క రూములనే గూసుంటున్నరు సార్. మిగిలిన రూముల కుర్చీలు బెంచీలు ఏం జేస్కుంటరు? పెద్దయి ఇయ్యమన్నరు."

ఫోర్‌మన్‌కు అది వింతగా తోచలేదు. "పోరగాండ్లు ఏడికి వోతరు సారూ? ఊరిడిశి అమ్మా అయ్యతోటి ఈడికే వచ్చిన్రు. నా మనుమలు లేరా, బోడుప్పల్ల? ఆడ తగ్గితే ఈడ పెరిగిన్రు. లెక్క సమానం."

ఆయన మాటలో నిజం ఉంది. కానీ అక్క పలక తుడుస్తూ తనలో తాను అనుకున్నట్టు అన్నది.

"ఏం సమానం మామా? మా అమ్మకు ఆరుగురం. నాకు ఇద్దరు. నా బిడ్డకు ఒక్కతే, ఇగ సాలన్నది. దాని అత్త ఏమన్న అంటదేమో అని నేను బుగులువడ్డ. ఆమె గూడ సాలన్నది."

సాయంత్రం గదికి పోతూ మా వీధిలోని స్కూళ్ళలో అడిగాను. వీధి ఒకటే, బోర్డులు మూడు. మొదటి బడి నుంచి ఒక టీచరు విడిపోయి రెండోది పెట్టింది, రెండోదాని నుంచి ఇంకొకాయన మూడోది పెట్టాడు. ప్రతిసారీ కొంతమంది పిల్లలు ఒక గేటులోంచి బయటికొచ్చి పక్క గేటులోకి పోయారు. ప్రతి కొత్త గేటులోకీ మా కొత్త బెంచీలు పోయాయి. ఇన్నేళ్ళూ ఆ వ్యానులో కూర్చుని మేం లెక్కపెట్టింది పిల్లల్ని కాదు, బోర్డులు రాసే పెయింటర్ల పనిని.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక షెడ్డు ఎప్పటిలాగే కాసేపు కునుకు తీసింది. మిషన్లు ఆగితే నాచారంలో ఒక విచిత్రమైన నిశ్శబ్దం వస్తుంది. దూరంగా రైలు పోతున్న చప్పుడు, రేకుల మీద కాకి నడిచే చప్పుడు రెండూ ఒకే సైజులో వినిపిస్తాయి. పలకల దొంతర మీద వెల్లకిలా పడుకుని పైన వేలాడే చట్రాలను చూస్తున్నాను. నిద్రా కాదు, మెలకువా కాదు.

అప్పుడు పిల్లలు కనిపించారు. ఈ షెడ్డు పెట్టిన కొత్తలో చిన్న బెంచీల మీద ఐదుగురేసి ఇరుక్కున్న పిల్లలు. ఒక పెద్ద అల లాగా లేచి మధ్య బెంచీల మీదికి, అక్కణ్ణుంచి పెద్ద బెంచీల మీదికి జరిగారు. అల షెడ్డు గేటు దాటి రోడ్డెక్కింది. ఉప్పల్ చౌరస్తాలో బస్సుల కోసం నిలబడింది, మోటారు సైకిళ్ళు కొంది, ఫ్యాక్టరీల్లోకీ ఆఫీసుల్లోకీ పోయింది. వాళ్ళకు కింద ఇద్దరో ఒక్కరో పిల్లలు. మోయాల్సిన బరువు తక్కువ, సంపాదించే చేతులు ఎక్కువ. మిగిలింది దాచుకున్నారు. బోడుప్పల్‌లో ఫ్లాట్లు కొన్నారు, బీమా కట్టారు, కొందరు షేర్లు కొన్నారు. గేటు ముందు టీ కొట్టు టీవీలో కింద పాకుతూ పోయే షేర్ల అంకెలు పచ్చగా వెలిగాయి. అవి పెరగడానికి వెయ్యి కారణాలుండొచ్చు. ఒక కారణం మా పెద్ద సైజు బెంచీ మీద కూర్చుని లేచిపోయిందని నాకు ఆ మధ్యాహ్నం నమ్మకం కలిగింది.

అల ఇంకా ముందుకు పోయింది. జుట్టు నెరిసింది. నడక నెమ్మదించింది. ఇన్నేళ్ళూ కొన్నవాటిని అమ్ముకుని బతుకుదామని వెనక్కి తిరిగి చూసింది. కొనడానికి వెనక వస్తున్నవాళ్ళు కొద్దిమందే ఉన్నారు. వాళ్ళ వెనక, షెడ్డు చివర, ఒకే ఒక్క పిల్ల చిన్న బెంచీ మీద కూర్చుని ఉంది. పక్కన చోటంతా ఖాళీ. 'అ' రాస్తూ సగంలో ఆపి, నా వైపు చూసింది.

"ఏంది సారూ, కండ్లు దెరిశి పండుకున్నవ్?" ఫోర్‌మన్ గొట్టం ముక్కతో నా చెప్పు తట్టాడు.

మళ్ళీ ఆదివారానికి వస్తాను.

యజమాని మేనమామ, అదే మాస్టారు, ఖద్దరు లాల్చీలో వచ్చారు, చేతిలో మడత పెట్టిన ఇంగ్లీషు పేపరు, వ్యాపారం పేజీ పైకి వచ్చేలా. షెడ్డంతా ఒక చుట్టు తిరిగారు. హెడ్‌మాస్టరు తనిఖీకి వచ్చినట్టే ఉంది. ఫోర్‌మన్ అప్రయత్నంగా చేతులు కట్టుకున్నాడు. యజమాని నా గ్రాఫును పలకల దొంతరకు ఆనించి పెట్టాడు.

"చూడు మావయ్యా. ఏటికేడు ఎలా పెరుగుతుందో. ఈ కుర్రాడు ఇంజినీరు. లెక్కలో తేడా రానివ్వడు. చెప్పవయ్యా."

చెప్పాల్సింది బోర్డుల గురించి. నోరు తెరిస్తే బెంచీల గురించి వచ్చింది. అక్కడే ఉన్న ఆలేరు బెంచీ ఒకటి ముందుకు లాగి పలక మీద చెయ్యి పెట్టాను. దీని మీద ఎవరూ కూర్చోలేదని, బోర్డులు పెరిగాయి గాని పిల్లలు పెరగలేదని, ఇప్పుడు అమ్ముడవుతున్న చిన్న బెంచీలు కొన్నేళ్ళలో ఆగిపోతాయని, ఇంకో షెడ్డు వేస్తే అది ఎవరూ కూర్చోని షెడ్డు అవుతుందని చెప్పాను.

యజమాని మొహం గ్రాఫు కంటే ఎర్రగా అయింది. "నిన్ను గ్రాఫు చూపించమన్నాను గాని హరికథ చెప్పమనలేదు. మేస్త్రీ, నువ్వు చెప్పు. పిల్లలు తగ్గుతారా ఎక్కడైనా?"

"ఊర్ల తగ్గిన్రు సేటూ. ఈడ తగ్గలే." ఫోర్‌మన్ నా వైపు చూసి, జాలి పడి, ఒక ముక్క కలిపాడు. "ఇంకా తగ్గలే."

"వాణ్ణి ఆపకురా అబ్బాయ్," అన్నారు మాస్టారు. "నాక్కూడా ఒక సందేహం ఉంది. ఏమోయ్, నేను ప్రతిసారీ బ్యాంకుకెళ్తే వడ్డీ తగ్గిందంటున్నారు. దానికీ నువ్వు చెప్పేదానికీ ఏమైనా సంబంధం ఉందా?"

"పూర్తిగా అదే అనలేను మాస్టారూ. కొంత ఉండొచ్చు. దాచుకునే వయసువాళ్ళు ఎక్కువై, ఆ డబ్బు తీసుకుని కొత్తది పెట్టేవాళ్ళు తక్కువైతే, డబ్బుకు అద్దె తగ్గుతుంది కదా."

"అంటే నాలాంటి ముసలాళ్ళు పెరిగేకొద్దీ నా వడ్డీ తగ్గుతుందంటావు."

"అవునండీ."

"మరి ఎక్కువ వడ్డీ కావాలంటే?"

"డబ్బు పిల్లలు పుట్టేచోట పెట్టాలి. లేకపోతే ముసలివాళ్ళకు పనికొచ్చేచోట పెట్టాలి."

మాస్టారు పకపకా నవ్వారు. "నాకు ఉద్యోగమంతా పిల్లలే అన్నం పెట్టారు. ఇప్పుడు కూడా వాళ్ళే పెట్టాలా అని నేనూ అనుకుంటూనే ఉన్నానోయ్." అని పేపరు చంకలో పెట్టుకుని, "ఏదీ, నా పిల్లలు కూర్చున్న బెంచీ మీద నేనెప్పుడూ కూర్చోలేదు," అంటూ ఆ చిన్న బెంచీ మీద కూర్చున్నారు.

కూర్చున్నప్పుడు బాగానే ఉంది. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. మొహంలో ఒకటో తరగతి పిల్లవాడి ఆనందం. పక్కన ఖాళీ పలక మీద వేలితో ఏదో రాసుకున్నారు. ఎండ కడ్డీ ఒకటి ఆయన బట్టతల మీద పడింది.

తర్వాత లేవబోయారు.

లేవలేదు. రెండోసారి ముందుకు వంగి ప్రయత్నించారు. పట్టుకోవడానికి ఏమీ లేదు. చేతులు గాల్లో వెతికాయి. పేపరు కింద పడింది. మూడోసారి కూడా కాలేదు. ఆయన నవ్వుతున్నట్టే ఉన్నారు గాని, కళ్ళలో భయం కనిపించింది. రోజూ ఇంట్లో జరుగుతున్నదేదో నలుగురి ముందు బయటపడ్డప్పటి భయం.

"జర ఆగు మాస్టరూ." అక్క చప్పున వెళ్ళి ఒక చంక కింద చెయ్యి వేసింది. ఫోర్‌మన్ రెండో పక్క పట్టాడు. "గిట్ల నడుము కాదు, మోచెయ్యి వట్టాలె మామా. మా అత్తను నేను దినాం లేపుత. తలుపు చట్రం వట్టుకోని లేస్తది పాపం. చెయ్యికి ఆసరుంటే లేవస్తది, లేకుంటే లేవరాదు."

లేచి నిలబడ్డాక మాస్టారు లాల్చీ సర్దుకున్నారు. ఆ బెంచీ వైపు కాసేపు చూశారు. మేనల్లుణ్ణి పిలిచి భుజం మీద చెయ్యి వేశారు.

"ఒరేయ్ అబ్బాయ్. మా వీధిలో బ్యాంకుంది చూశావా. ఒకటో తారీఖున పెన్షన్‌కి వెళ్తే కూర్చోడానికి ప్లాస్టిక్ స్టూళ్ళు. నేను కూర్చోను. ఎందుకు కూర్చోనో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నాతోబాటు నిలబడేవాళ్ళు కూడా చెప్పరు. అందరం గోడకు ఆనుకుని, కూర్చోవడం ఇష్టం లేనట్టు నటిస్తాం."

"మావయ్యా, అది వేరే వ్యాపారం..."

"ఇనుము అదే. చెక్క అదే. మనిషే పెద్దవాడయ్యాడు. ఎత్తు పెంచి, చేతులు పెట్టి ఒక బెంచీ చెయ్యి. నేను కూర్చుని, ఎవరి సాయం లేకుండా లేస్తే, డబ్బు నీది. పీర్జాదిగూడ వద్దు. ఈ షెడ్డు చాలు."

యజమాని గ్రాఫు మడత పెట్టి బయటికెళ్ళిపోయాడు. నా ఉద్యోగం పోయిందనుకుని చల్లారిపోయిన టీ తాగాను. ఆరో గ్లాసులోది కూడా నేనే తాగానని గుర్తు.

ఆయన నాతో మాట్లాడటానికి చాలా రోజులు పట్టింది. ఆ స్థలం బయానా వెనక్కి రాలేదు. స్థలం వదులుకున్నందుకు కంటే, బోర్డుల పండుగ పోయినందుకు ఆయన ఎక్కువ బాధపడ్డాడని నా అనుమానం. ఒక సాయంత్రం నా టేబుల్ దగ్గర నిలబడి, ఎటో చూస్తూ అడిగాడు.

"ఆ చేతుల బెంచీ, ఎత్తెంత ఉండాలి?"

ఎత్తు మాస్టారి మోకాలి కొలత నుంచి వచ్చింది. చేతుల సంగతి అక్క చెప్పింది. చివర్లలో రెండే పెడితే మధ్యలో కూర్చున్నవాళ్ళకు ఆసరా ఉండదు కాబట్టి మధ్యలో ఇంకోటి పెట్టమంది. కొత్త జిగ్గు ఫోర్‌మన్ కట్టాడు, గొణుగుతూనే. "పోరగాండ్లకు జేసిన చేతులు. ఇగ ముసలోళ్ళకు జేస్తున్న. నా మీసానికి గూడ ఏదన్న జెయ్యిరి." డ్రాయింగు నాది. నలుగురికి గీశాను. బరువు ఎంతకు వేయమంటావని ఫోర్‌మన్‌ను అడిగితే, "నలుగురికే ఎయ్యి. పెద్దమనుషులు ఇరుక్కోని గూసోరు," అన్నాడు. నేనే ఎందుకైనా మంచిదని కొంచెం ఎక్కువ వేశాను.

మాస్టారు వచ్చి కూర్చున్నారు. రెండు చేతులూ ఆనించి, అలవోకగా లేచారు. మళ్ళీ కూర్చున్నారు. మళ్ళీ లేచారు. చిన్నపిల్లాడు తలుపు వేసి తీసినట్టు ఎన్నిసార్లు చేశారో. తర్వాత జేబులోంచి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కళ్ళజోడు మీద మరకేమీ లేదు.

మొదటి బెంచీలు ఆ బ్యాంకుకే పోయాయి. తర్వాత క్లినిక్కులకు, వేరే బ్యాంకులకు. షేర్లు దడదడా పడిపోయిన ఏడాది టీ కొట్టు టీవీ ఎర్రబడింది. మా షెడ్డులో మాత్రం ఎవరూ తలెత్తి చూడలేదు. ముసలివాళ్ళు కూర్చోడం ఆపలేదు కదా. మాస్టారికి అందాల్సింది అందుతూనే ఉంది. మా వీధిలో మూడు బోర్డులు రెండయ్యాయి, తర్వాత ఒకటైంది. అంతా నేను చెప్పినట్టే జరగలేదు. పెద్ద బెంచీలు నేను అనుకున్నదానికంటే చాలా కాలం నడిచాయి. చిన్నవి కూడా పూర్తిగా ఆగలేదు. కూలి పనులకు ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళ పిల్లలు వాటి మీద కూర్చున్నారు. ఫోర్‌మన్ చెప్పిన మాట ఆ మేరకు నెగ్గింది. చిన్న బెంచీ జిగ్గును తుక్కుకు వేయకుండా ఆయన గోడకు వేలాడదీశాడు. బ్యాంకులు, దవాఖానాలు ఏడాది ముందే ఆర్డరు ఇవ్వడం మొదలయ్యాక రేపెంత కావాలో ఊహించాల్సిన పని పోయింది. అలా నా కుర్చీ రిటైరైంది. నేను పోచారం వైపు ఇంకో కంపెనీకి మారాను.

కొత్త రాష్ట్రం వచ్చిన నెలలో ఏఎస్ రావు నగర్‌లో ఏదో పని పడింది. రోడ్డంతా గులాబీ రంగు తోరణాలు. ఉప్పల్ దగ్గర మెట్రో స్తంభాలు దేని కోసమో ఎదురుచూస్తున్నట్టు వరసగా నిలబడి ఉన్నాయి. ఎండ తట్టుకోలేక ఆ బ్యాంకులోకి దూరాను. పెన్షన్ల రోజు. ఫ్యాను గాలికి కాగితాలు రెపరెపలాడుతున్నాయి, మనుషులు సగం నిద్రలో ఉన్నట్టున్నారు.

"ఏంది సారూ, ఇంకా కండ్లు దెరిశే పండుకుంటున్నవా?"

ఫోర్‌మన్. రిటైరయ్యాడు. మీసం కూడా తెల్లబడింది. ఆయన పక్కన ఖద్దరు లాల్చీలో మాస్టారు, బాగా చిక్కిపోయి, నన్ను గుర్తుపట్టి తల ఊపారు. ఇద్దరూ మా చేతుల బెంచీ మీద ఒక మూలకు నొక్కుకుని కూర్చున్నారు.

"జాగ లేదు సారూ, మస్తు తిప్పలైతుంది. చేతులు వెట్టింది మాత్రం మంచిగైంది. నాక్కూడ ఇప్పుడు గవ్వే దిక్కు."

టోకెన్ నంబరు పిలిచారు. మాస్టారు రెండు చేతులూ ఆనించి, మెల్లగా, ఎవరి సాయం లేకుండా లేచి కౌంటరుకు నడిచారు. ఆయన లేచీ లేవగానే గోడకు ఆనుకున్న ఒక పెద్దావిడ ఆ చోటులో కూర్చుంది. బెంచీ కిందికి వంగి చూశాను. వెల్డింగు గట్టిగా ఉంది. చేతి కొన మీద రంగు పోయి ఇనుము మెరుస్తోంది. పలక అంచు మీద ఎవరో పెన్నుతో కూడికలు చేశారు, ఎవరో పువ్వు గీశారు.

అది నలుగురి కోసం గీసిన బెంచీ. దాని మీద ఆరుగురున్నారు.